బేస్‌మెంట్‌లో తలనీలాలు

ఆ గురువారం ఉదయం కనకదుర్గ వేసుకున్న పథకంలో వెంట్రుకల ప్రసక్తే లేదు. కాఫీ తాగాలి, బేస్‌మెంట్‌లోంచి పెద్ద గంగాళం పైకి తేవాలి, మామిడికాయలు తరగాలి, మధ్యాహ్నానికల్లా గుడికి చేరాలి. శనివారం ఉగాది. చికాగో శివారు నేపర్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ పచ్చడి కలిపే బాధ్యత ఏటా ఆవిడదే. ఇంకెవరికైనా అప్పగిస్తే వేపపువ్వు దొరకలేదని చెప్పి కాకరకాయ తురిమి వేసేస్తారని ఆవిడ అనుమానం.

అనుమానం లేకుండా కనకదుర్గకు పూట గడవదు. పాల డబ్బా మీద తేదీని నమ్మదు, మూత తీసి వాసన చూస్తుంది. పోస్టు తెచ్చే మనిషి నవ్వితే ఏదో బిల్లు తెచ్చాడనుకుంటుంది, నవ్వకపోతే మంచి ఉత్తరమేదో దాచేశాడనుకుంటుంది. భర్త సత్యం ఇంట్లో కూర్చుని ఆఫీస్ కాల్‌లో ఉన్నాడంటే, అవతల నిజంగా మనుషులున్నారో లేదో తలుపుకి చెవి ఆనించి తేల్చుకున్నాకే వంటింట్లోకి వెళుతుంది. అలాగని చెడ్డ మనిషి కాదు. లోకం తనకు తెలియకుండా ఏదో చేస్తోందని ఆవిడ గట్టి నమ్మకం, అంతే.

ఆ వారం ఆ నమ్మకం మరీ ముదిరింది. కూతురు ఉజ్వల చికాగోలో మెడిసిన్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. చదువయ్యాక ఆసుపత్రిలో చేయాల్సిన శిక్షణ, రెసిడెన్సీ, ఏ ఊళ్లో చేయాలో శుక్రవారం తేలుతుంది. చికాగోలోనే వస్తే పిల్ల కళ్లెదుట ఉంటుంది. దేశం అవతలి కొసన వస్తే ఇక అంతే సంగతులు, మూడు నాలుగేళ్లు ఫోన్‌లో మొహం చూసుకోవడమే. అందుకని కిందటి వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు ఆవిడ తిరుపతి వెళ్లి గుండు చేయించుకుంది. కోరిక తీరాక మొక్కు చెల్లించడం లోకాచారం. కానీ పని అయ్యాక ఇస్తానంటే దేవుడు తనను నమ్మడేమోనని అనుమానం వచ్చి, ముందే ఇచ్చేసింది. నడుం దాటిన జుట్టు, గోరింటాకు పెట్టీ పెట్టీ చివర్లు రాగిరంగుకు తిరిగిన జుట్టు. ఇప్పుడది మెడ దాకా పెరిగింది. స్కూలు పిల్లలా ఉన్నావని సత్యం ఒకసారి అని, మళ్లీ అనలేదు.

గంగాళం కోసం బేస్‌మెంట్‌లోకి దిగితే ఏదో పులిసిన వాసన వచ్చింది. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ వెనకనుంచి వస్తోంది. వెళ్లి చూసేసరికి కనకదుర్గ గుండె గుభేలుమంది. బట్టలారేసే తాడు మీద జుట్టు వేలాడుతోంది. ఒకటీ అరా కాదు, పాయలు పాయలుగా, బారెడేసి పొడుగున. పక్కనే బల్ల మీద తువ్వాలు కప్పిన గుండ్రటి వస్తువొకటి ఉంది. తువ్వాలు అంచు పట్టుకుని ఎత్తింది. తల. ప్లాస్టిక్ తలేననుకోండి, కానీ దాని నెత్తిమీద సగం దాకా జడలు కట్టి ఉన్నాయి. మునులకూ సాధువులకూ ఉండేలాంటి జడలు, ఒకటి లావు, ఒకటి సన్నం. మిగతా సగం బోడి.

ఆవిడ తువ్వాలు మళ్లీ కప్పేసి మెట్టు మీద కూలబడింది. మొదటి అనుమానం సత్యం మీదకు పోయింది, అయితే ఆయన తల దువ్వుకోవడమే మానేసి పదేళ్లయింది. రెండో అనుమానం ఈ ఇల్లు అమ్మిన పాత ఓనర్ల మీదకు వెళ్లింది గానీ, జుట్టు మీద దుమ్ము కూడా పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది స్నేహితురాలు విద్య ఒకసారి చెప్పిన మాట. "మనం కొండమీద ఇచ్చిన జుట్టంతా వేలం వేస్తారు దుర్గగారూ. సవరాలకీ విగ్గులకీ మన అమెరికాకే వస్తుందిట."

కనకదుర్గ లేచి జుట్టు దగ్గరికి వెళ్లింది. పాయ చేతిలోకి తీసుకుంది. నల్లగా ఉంది, మరీ మెరుపు లేదు, కాస్త గరుకు. కింద చివర్లు రాగిరంగు. ఇరవై ఏళ్లు చిక్కులు తీసుకున్న చేతులు అవి, తెలియకుండా ఉంటుందా. జుట్టు తనది.

ఎలా వచ్చిందీ, ఎవరు తెచ్చారూ అన్న ప్రశ్నలు ఆవిడకు పుట్టలేదు. ఎందుకు వచ్చిందో తెలిసిపోయాక ఎలా వచ్చిందన్నది చిన్న విషయం. రేపు ఫలితం అనగా ఇవాళ దేవుడు తన మొక్కు తిప్పి పంపేశాడు. పైగా జడలు కట్టించి మరీ పంపాడు, అంటే ఆగ్రహం కూడా ఉందన్నమాట. కనకదుర్గకు నిజంగా భయం వేసింది. పిల్ల ఎక్కడికో వెళ్లిపోతుంది. ఏ మంచు ఊళ్లోనో ఒక్కతీ రొట్టెముక్క తిని పడుకుంటుంది.

పైకి పరిగెత్తి సత్యం గది తలుపు తోసింది.

"ఏవండీ, బేస్‌మెంట్‌లో జుట్టు ఉంది."

సత్యం ఒక వేలు ఎత్తి ఆగమని సైగ చేసి, కంప్యూటర్‌లో మ్యూట్ నొక్కాడు. "ఏం ఉంది?"

"జుట్టు. బారెడేసి ఉంది. తాడు మీద ఆరేసి ఉంది."

"మరి ఆరనీ," అని ఆయన మ్యూట్ తీసి క్షమాపణ చెప్పి మళ్లీ సర్వర్ల గురించి మాట్లాడసాగాడు.

ఉజ్వలకు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఫలితం ముందర పిల్ల మనసు పాడుచేయకూడదని కనకదుర్గ చేయలేదు. గుడి పూజారి భీమశంకరంగారికి చేసింది. అది కూడా సొంత పేరు మీద కాదు.

"శాస్త్రిగారూ, మాకు తెలిసినావిడ ఒకరున్నారు. ఆవిడ దేవుడికిచ్చిన తలనీలాలు తిరిగి ఇంటికొచ్చేశాయిట. ఏం చేయాలి?"

భీమశంకరం ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. అమెరికా వచ్చాక ఆయన కొత్త కారుకీ, కొత్త లాప్‌టాప్‌కీ, ఒకసారి కుక్కపిల్లకీ పూజ చేశాడు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"దేవుడికిచ్చింది ఇంట్లో ఉంచుకోకూడదమ్మా. ఆయన సొత్తు ఆయన హుండీలో వేసేయమనండి," అని చెప్పి, ఎందుకైనా మంచిదని, "శుభ్రంగా కడిగి," అని కలిపాడు.

కనకదుర్గ పాయలన్నీ కూరగాయల సంచిలో కుక్కింది. ప్లాస్టిక్ తలను ముట్టుకునే ధైర్యం లేక దాని మొహం గోడవైపు తిప్పింది. గంగాళం, మామిడికాయలు, గరిటె, సంచీ కారులో వేసుకుని గుడికి డ్రైవ్ చేసింది. ఆ వేళప్పుడు మంటపంలో ఎవరూ లేరు. హుండీ సన్నకన్నంలో చేయి పట్టదు. పాయ పెడితే సగం లోపలికి పోయి సగం బయటే ఆగిపోతోంది. గరిటె కాడతో కుక్కింది, దేవుడికి దండం పెట్టి మళ్లీ కుక్కింది. ఆఖరి పాయ ఎంత తోసినా దిగలేదు. ఇంతలో చెప్పులు విడిచిన చప్పుడయింది. కనకదుర్గ గరిటె కొంగులో దాచుకుని వంటశాలలోకి జారుకుంది. హుండీకి తోక మొలిచి మిగిలిపోయింది.

ఆ తోకను చూసింది గుడి కమిటీ ప్రెసిడెంటు కేశవరావు. ముందు పట్టుకుని లాగాడు. అది వస్తూనే ఉంది. తాళం తీసి హుండీ తెరిస్తే డాలరు నోట్ల మీద జుట్టు గుట్టగా పడి ఉంది. ఆయన పెద్ద కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు, దేనికీ కంగారు పడడు. అయినా ఆ గుట్టను పళ్లెంలో పెట్టి, దూరంగా చాచిన చేతులతో వంటశాలలోకి తెచ్చాడు. అక్కడ పచ్చడి పనికి వచ్చినవాళ్లున్నారు. కేశవరావు భార్య విద్య, ఫ్రిస్కో నుంచి కొత్తగా ఈ ఊరికి మారిన రేణు, బెల్లం కొడుతున్న భీమశంకరం, మామిడికాయ తురుముతూ తేలు కుట్టిన దొంగలా తల ఎత్తని కనకదుర్గ.

"ఇది మామూలు విషయం కాదు," అన్నాడు కేశవరావు. "ఎవరో మనకి మెసేజ్ పంపిస్తున్నారు. హుండీలో జుట్టు వేయడమంటే చేతబడి టైపు."

"కెమెరాలో చూడండి," అంది విద్య.

"కెమెరా చెప్పుల స్టాండ్ వైపు ఉంది. కిందటేడు చెప్పులు పోతున్నాయని మీ ఆడవాళ్లే కదా అటు తిప్పించారు."

కనకదుర్గ ఊపిరి పీల్చుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకూడదని ఆవిడకు బాగా తెలుసు, అందుకని అందరికంటే ముందు తనే అనుమానించడం మొదలుపెట్టింది.

"నన్నడిగితే ఇది ఆ స్ట్రిప్‌మాల్ కొట్ల మధ్య పెట్టిన గుడివాళ్ల పనే. మన నుంచి విడిపోయాక వాళ్లకి కడుపుమంట. దీని మీద ఎంక్వయిరీ కమిటీ వేయండి కేశవరావుగారూ. కావాలంటే నేను ఉంటాను."

కేశవరావు అక్కడికక్కడే కమిటీ వేసి కనకదుర్గను అందులో పెట్టాడు. పనిలో పనిగా జుట్టును వెనక పార్కింగ్ లాట్‌లో కాల్చేస్తే పీడ పోతుందన్నాడు. ఆ మాటకు పళ్లెం దగ్గరికి వచ్చి చూసిన విద్య మొహం పాలిపోయింది.

"ఏమండీ," అంది నెమ్మదిగా. "ఇది నాది."

"నీదేంటి?"

"గ్రీన్ కార్డ్ ఫైల్ కదలాలని మొక్కుకుని తిరుపతిలో ఇచ్చాను చూడండి. ఆ జుట్టు. ఈ గరుకు నాకు తెలీదూ? తిప్పి పంపేశాడు. ఇంక మన ఫైల్ కదలదు." ఆవిడ కళ్లమ్మట నీళ్లు బొటబొట రాలాయి.

రేణు కూడా తొంగి చూసింది. ఆమె వరంగల్ పిల్ల, ఏదీ మనసులో దాచుకోదు. "కాదక్కా, ఇది నా ఎంట్రికలే. కింద రంగు చూడు. పెండ్లి ముంగట నేను రంగేయించుకున్న, అదే ఇది. ఫ్రిస్కోల ఇల్లు అమ్ముడుపోవాలని మొక్కి ఇచ్చిన. అందుకేనేమో ఇంకా ఒక్కడన్న కొంటానికి రాలే. నేనేం పాపం చేసిన దేవుడా."

కనకదుర్గ తురమడం ఆపేసింది. జుట్టు తనదని ఆవిడకు తెలుసు. కానీ తనదని చెప్తే హుండీ సంగతి బయటపడుతుంది. పైగా తిరిగొచ్చిన మొక్కు ఎవరికి కావాలి. వీళ్లు తమదంటున్నారు, అననీ. దోషం కూడా వాళ్ల ఖాతాలోకే పోతుందేమోనని ఒక చిన్న ఆశ కూడా కలిగింది ఆవిడకు.

భీమశంకరం బెల్లం రోకలి పక్కన పెట్టాడు. ఎల్లుండి ఉగాది. పంచాంగ శ్రవణం చేయాలి, అందరికీ ఆదాయ వ్యయాలు చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్లు వంటశాలలో ఏడుస్తూ కూర్చుంటే పచ్చడి ఎవరు కలుపుతారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూడండమ్మా, స్వామి తిప్పి పంపాడని మీరెందుకనుకోవాలి? ఎన్ని లక్షలమంది ఇస్తారు కొండమీద. అందులోంచి ఒక్కరిది ఏరి, ఇంతదూరం, సరిగ్గా మన గుడికి పంపాడంటే ఆ మనిషి మీద ఆయనకు ఎంత దయ ఉండాలి? నా లెక్కలో ఇది ప్రసాదం."

విద్య కళ్లు తుడుచుకుని పళ్లెం తనవైపు లాక్కుంది.

"నాదేనని మొదట చెప్పింది నేనే."

"మొదట చెప్తే నీదయితదా అక్కా? రంగు చూడు."

"రంగు కాదు రేణూ, పొడుగు చూడు. నీది భుజాల దాకానేగా ఉండేది."

"నువ్వు చూసినవా? అప్పటికి మనకు పరిచయమే లేకపాయె."

ఇద్దరూ పళ్లేన్ని చెరోవైపు పట్టుకున్నారు. కనకదుర్గ చూస్తూ నిలబడింది. తన జుట్టు. తన బేస్‌మెంట్‌లో, తన తాడు మీద, తన కూతురి కోసం దిగిన ప్రసాదం. కళ్లముందే గ్రీన్ కార్డ్‌కీ ఫ్రిస్కో ఇంటికీ పోతోంది. ఇక ఆగలేకపోయింది.

"వదలండి ఇద్దరూ. అది మా ఇంట్లో దొరికింది. హుండీలో వేసింది నేనే."

కేశవరావు ఆవిడవైపు తిరిగాడు. "అంటే స్ట్రిప్‌మాల్ వాళ్లన్నారు, ఎంక్వయిరీ అన్నారు, కమిటీలో కూడా..."

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నా జుట్టు నాకిప్పించండి."

ఎవరూ ఒప్పుకోలేదు. ఇంట్లో దొరికినంత మాత్రాన తలమీద పెరిగినట్టు కాదని విద్య వాదించింది. దేవుడు అడ్రస్ తప్పి వేసి ఉండొచ్చని రేణు అంది. భీమశంకరం తన నోటితొందరను తానే తిట్టుకుని, రాజీ మార్గం చెప్పాడు. మంటపంలో నవగ్రహ హోమానికి గుండం సిద్ధంగా ఉంది. ముందు కొంత అగ్నికి సమర్పిస్తే దోషమేదైనా ఉంటే పోతుంది, మిగిలింది తలా కాస్త తీసుకోవచ్చు. అది అందరికీ నచ్చింది. తమ వాటా తగ్గుతుందేమోనని ఎవరికి వారు అవతలివాళ్ల వైపు పాయల్నే తీసి ఇవ్వడంతో, అగ్నికి చేరింది చాలా పెద్ద గుప్పెడు.

నెయ్యి పడగానే మంట లేచింది. జుట్టు కాలలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి జిగురై బుడగలొచ్చింది. వచ్చిన వాసన నెయ్యిదీ కాదు, సమిధలదీ కాదు. గ్యాస్ పొయ్యి మీద పాలిథిన్ సంచీ పడితే వచ్చే వాసన. భీమశంకరం మంత్రం మధ్యలో ఆపి దగ్గాడు. పైకప్పులోని స్మోక్ అలారం గుడి కట్టాక మొదటిసారి పనిచేసింది. అలారం మోగితే దానంతటదే ఫైర్ స్టేషన్‌కి కబురెళ్లేలా ఏర్పాటు చేయించింది సేఫ్టీ ఇంజనీరు కేశవరావే.

ఎర్ర బండి ముందు ఆగింది. బూట్లు విప్పమని అడగాలా వద్దా అని కేశవరావు ఆలోచించేలోపే ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. ఏం కాలిందని వాళ్లడిగితే ఆయన "రిలీజియస్ మెటీరియల్" అన్నాడు. వాళ్లలో ఒకతను గుండంలోంచి కడ్డీతో జిగురుముద్ద తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ప్లాస్టిక్ సార్ అని చెప్పాడు.

విద్య, రేణు, కనకదుర్గ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ తలో అడుగు వెనక్కి వేశారు.

ఎర్ర బండి వెనకే ఇంకో కారు వచ్చింది. అందులోంచి ఉజ్వల దిగింది. ఆమె వెంట క్లాస్‌మేట్ డెనీస్ దిగింది. చికాగో సౌత్ సైడ్ పిల్ల, కనకదుర్గ ఇంట్లో రెండుసార్లు పులిహోర తిని మూడోసారి డబ్బాలో పట్టుకెళ్లిన నల్లమ్మాయి. ఆమె తలకు ఎడమవైపంతా భుజాల కిందిదాకా జడలు వేలాడుతున్నాయి. కుడివైపు చిన్న చిన్న పిలకలు అల్లి వదిలేసి ఉన్నాయి. ఆ జడలు చూసి భీమశంకరం చేతులు వాటంతటవే నమస్కారానికి సగం దాకా లేచాయి. తర్వాత కళ్లజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, నా హెయిర్ ఎక్కడ?" అంది ఉజ్వల. "డాడీని అడిగితే మ్యూట్ చేసి, అమ్మ ఏదో సంచి గుడికి పట్టుకెళ్లింది అన్నారు."

"నీ హెయిరా?"

"డెనీస్‌ది. ఫో లాక్స్ చేస్తున్నాను, అంటే ఫేక్ జడలు. రేపు రిజల్ట్‌కి స్టేజ్ ఎక్కాలి కదా. నిన్న నా రూమ్‌లో సగం చేశాను. మిగతా హెయిర్ సండే వెనిగర్‌లో కడిగి బేస్‌మెంట్‌లో ఆరేశాను, లేకపోతే దురద పుడుతుంది. ఆ డమ్మీ హెడ్ మీద ప్రాక్టీస్ చేశాను."

"నాతో చెప్పొద్దూ?"

"ఇంట్లో వెంట్రుక కనిపిస్తే దరిద్రం అంటావు. అన్ని ప్యాకెట్లు చూస్తే ఏమంటావో అని."

డెనీస్ గుండంలోకి తొంగిచూసి, కనకదుర్గ వైపు తిరిగి ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, నా జుట్టుకి పూజ చేశారా?"

కనకదుర్గకు భూమి బద్దలై లోపలికి పోవాలనిపించింది. ఒక పక్క సిగ్గు. ఇంకో పక్క, దేవుడు తన మొక్కు తిప్పి పంపలేదని తెలిసి కొండంత ఆనందం. ఏది పైకి చూపించాలో తెలియక ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

జరిగినదానికి ప్రాయశ్చిత్తంగా ముగ్గురు ఆడవాళ్లూ మిగిలిన జుట్టుతో కనకదుర్గ బేస్‌మెంట్‌కి చేరారు. చేయాల్సిన పని చూడటానికి తేలికే. డెనీస్ సొంత జుట్టుతో అల్లిన సన్నటి పిలక చుట్టూ ఆ తెచ్చిన జుట్టును మొదటినుంచి చివరిదాకా చుట్టుకుంటూ రావడమే. డెనీస్ పిన్ని దగ్గర నేర్చుకున్న ఉజ్వల ఒకటి చుట్టి చూపించింది. విద్య నవ్వింది. జన్మంతా పూలజడలు కుట్టిన చేతులకు ఇదెంత. ఆవిడా రేణూ చకచకా చెరో మూడు చుట్టేశారు. ఒక్క పోగు బయటికి రాకుండా, పైనుంచి కిందిదాకా ఒకే లావున, జడకుచ్చుల్లా వచ్చాయి.

డెనీస్ అద్దంలో చూసుకుంది. "చాలా అందంగా ఉన్నాయి," అంది బాధగా.

"విప్పేయాలి ఆంటీ," అంది ఉజ్వల. "రియల్ లాక్స్ ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఒక చోట లావు, ఒక చోట సన్నం, అక్కడక్కడా పోగులు లేచి ఉంటాయి. ఇంత నీట్‌గా ఉంటే ఫేక్ అని తెలిసిపోతుంది."

కనకదుర్గ వంతు వచ్చింది. ఆవిడ రెండు చుట్లు చుట్టి, వదులైందేమోనని అనుమానం వచ్చి ఒకటి విప్పింది. మళ్లీ చుట్టి, మరీ బిగిసిందేమోనని లాగి చూసింది. పిల్లకు నొప్పి పుడుతోందేమోనని కాస్త సడలించింది. ఊడిపోతుందేమోనని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా నలిపింది. అలా కింది దాకా వచ్చేసరికి అది ఎగుడుదిగుడుగా, పోగులు లేచి, అచ్చం పుట్టినప్పటినుంచి ఆ తలమీదే పెరిగినట్టు తయారైంది. ఉజ్వల నోరు తెరుచుకుని చూసింది. డెనీస్ మిగతావన్నీ ఆంటీతోనే చుట్టిస్తానంది.

ఆఖర్న రెండు జడలకు జుట్టు చాలలేదు. అగ్నికి ఇచ్చింది ఇవ్వగా మిగలాలి కదా. అందరూ తల పట్టుకుంటే, విద్య మాట్లాడకుండా లేచి బాత్రూంలోకి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ వీపుమీది జడ చేతిలో ఉంది. గుండు చేయించుకున్నాక అంత త్వరగా అంత జుట్టు ఎలా పెరిగిందోనని కనకదుర్గ చాన్నాళ్లుగా అనుమానిస్తూనే ఉంది. ఆ సవరాన్ని రెండు చేతులా అందుకుంది గానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

శుక్రవారం కాలేజీ హాలు తల్లిదండ్రులతో నిండిపోయింది. డెనీస్‌ను చూసిన ప్రతివాళ్లూ ఇన్నాళ్లూ ఈ జుట్టు ఎక్కడ దాచావని అడుగుతున్నారు. కనకదుర్గ చేతులు జోడించి కూర్చుంది. ఆవిడ మనసు తేలికగా ఉంది. కొండమీద ఇచ్చిన జుట్టు కొండమీదే ఉంది, మొక్కు చెల్లుబాటులోనే ఉంది. పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఉజ్వల ఫోన్ చూసుకుని, నోరు చేత్తో మూసుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మను వాటేసుకుంది.

"సియాటిల్ అమ్మా. నా ఫస్ట్ చాయిస్."

కనకదుర్గ కాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరి ఫస్ట్ చాయిస్?"

"నాదే."

"మరి చికాగో?"

"మేమిచ్చే లిస్టులో ఫోర్త్ పెట్టాను."

పాలడబ్బాను అనుమానించింది, పోస్టు మనిషిని అనుమానించింది, ఆఖరికి దేవుణ్ణి కూడా అనుమానించింది కనకదుర్గ. కన్నకూతురికి వేరే ఊరు వెళ్లాలని ఉందేమోనన్న అనుమానం మాత్రం ఒక్కరోజూ రాలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నాతో ఒక్క ముక్క చెప్పకపోయావా?"

"చెప్తే ఇంకో మొక్కు మొక్కేదానివి. నీ జుట్టు ఇప్పుడిప్పుడే పెరుగుతోంది," అంటూ ఉజ్వల అమ్మ మెడ మీది జుట్టు సవరించింది. పిల్ల మొహం వెలిగిపోతోంది. ఈ నాలుగేళ్లలో ఆ మొహంలో ఇంత సంతోషం ఎప్పుడూ చూడలేదు. కనకదుర్గకు కోపం తెచ్చుకోవాలని ఉంది గానీ, ఆ మొహం చూస్తూ ఎంతసేపని తెచ్చుకుంటుంది. ముక్కు తుడుచుకుని, సియాటిల్‌లో మన కూరగాయలు దొరుకుతాయా అని అడిగింది.

అంతలో డెనీస్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. జడలన్నీ భుజాలమీద ఎగురుతున్నాయి. "ఆంటీ, నాకు చికాగోలోనే వచ్చింది. అమ్మకి దగ్గరగా ఉండొచ్చు. వస్తుందని నేను అసలు అనుకోలేదు."

కనకదుర్గ ఆ పిల్ల మొహం వంక చూసింది. తర్వాత తన చేతులతో చుట్టిన ఆ జడల వంక చూసింది. నిదానంగా భర్త వైపు తిరిగింది. ఆవేళ సత్యం ఏ కాల్‌లోనూ లేడు.

"మొక్కుకున్నప్పుడు దేవుడికి ఏమని చెప్పావు?" అని అడిగాడు.

"అమ్మాయి తల్లికి దగ్గరగా, చికాగోలోనే ఉండాలని చెప్పాను."

"ఏ అమ్మాయో చెప్పావా?"

ఆవిడ మళ్లీ డెనీస్ వైపు చూసింది. ఇప్పుడు కనకదుర్గ ఏ దేవుడికి మొక్కినా గోత్రం, నక్షత్రం చెప్పి ఊరుకోవడం లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు కూడా చెబుతోంది.